కోచ్ అక్కడే ఉంటాడు, కుర్రాళ్లే మారతారు: బేస్‌బాల్ మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో అమెరికా కాలేజీ బేస్‌బాల్ గురించి రాస్తూ ఒక మాట అన్నాను. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో మైక్ మార్టిన్ అనే హెడ్ కోచ్ 1980 నుంచి 2019 దాకా 40 సీజన్లు ఒకే జట్టుని నడిపాడని, 2,029 మ్యాచ్‌లు గెలిచాడని, జాతీయ టైటిల్ మాత్రం ఒక్కటీ లేదని. మిగతా వ్యాసం ఎవరికీ పట్టలేదు గానీ ఈ ఒక్క మాట మీద ఉత్తరాలు తెగ వచ్చాయి. ఒకే ప్రశ్న నలుగురు అడిగినచోట ఒకటిగా కలిపేశాను, ఏమనుకోకండి.

ప్రశ్న: 2,029 గెలుపులు అని వేశారు. అచ్చుతప్పా? ఒక సున్నా ఎక్కువ పడిందేమో చూడండి.

సున్నా సరిగ్గానే పడింది సార్. మనం క్రికెట్ లెక్కలో చూస్తాం కాబట్టి అలా అనిపిస్తుంది. కాలేజీ బేస్‌బాల్ సీజన్ ఫిబ్రవరి మధ్యలో మొదలై జూన్ చివరి దాకా సాగుతుంది. ఒక్క రెగ్యులర్ సీజన్‌లోనే 56 మ్యాచ్‌ల దాకా ఆడొచ్చు. మామూలుగా శుక్ర, శని, ఆదివారాలు ఒకే ప్రత్యర్థితో మూడు మ్యాచ్‌లు, వారం మధ్యలో ఇంకోటి. ఆ తర్వాత కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీల కూటమి) టోర్నమెంట్, దాని తర్వాత జాతీయ టోర్నమెంట్. మార్టిన్ మొత్తం లెక్క 2,029 గెలుపులు, 736 ఓటములు, 4 టైలు. అంటే ఏడాదికి సగటున 69 మ్యాచ్‌లు, అందులో 50 గెలుపులు. నాకు మాత్రం ఆ మొత్తం కంటే ఇంకో రెండు సంగతులు పెద్దవిగా కనిపిస్తాయి. ఆ 40 సీజన్లలో ఒక్క ఏడాది కూడా 40 గెలుపుల కిందకి దిగలేదు, ఒక్క ఏడాది కూడా జాతీయ టోర్నమెంట్‌కి వెళ్లకుండా ఉండలేదు. కాలేజీ కుర్రాడు ఉండేది మూడేళ్లో నాలుగేళ్లో. అంటే ఆయన చేతిలో జట్టు మొత్తం కనీసం పదిసార్లు కొత్తగా తయారైందన్నమాట.

ప్రశ్న: అంతా బాగానే ఉంది గానీ, 17 సార్లు చివరి దశకి వెళ్లి ఒక్కసారి కూడా కప్పు తేలేని కోచ్‌ని గొప్పవాడని ఎలా అంటారు? మా ఇంట్లో దీని మీద పెద్ద గొడవే అయింది.

గొడవ నేనే పెట్టినట్టున్నాను. చాలాకాలం నేనూ మీవైపే ఉన్నాను, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

ముందు టోర్నమెంట్ సంగతి. 1999 నుంచి 64 జట్లని పిలుస్తున్నారు. వాటిని నాలుగేసి చొప్పున 16 చోట్ల ఆడిస్తారు, ఒక్కో చోట ఒక్క జట్టే మిగులుతుంది. దీన్ని రీజినల్ అంటారు. ఆ పదహారూ ఇద్దరిద్దరుగా తలపడితే ఎనిమిది మిగులుతాయి, ఇది సూపర్ రీజినల్. ఆ ఎనిమిదీ నెబ్రాస్కాలోని ఒమాహాకి వెళ్తాయి. 1950 నుంచి కాలేజ్ వరల్డ్ సిరీస్ జరిగేది అక్కడే. కాలేజీ బేస్‌బాల్ వాళ్ల నోట్లో ‘ఒమాహా’ అంటే ఊరి పేరు కాదు, చేరాల్సిన గమ్యం. మార్టిన్ 17 సార్లు వెళ్లింది అక్కడికి. దేశం మొత్తం మీద డివిజన్ వన్‌లో, అంటే కాలేజీ ఆటల పై స్థాయిలో, మూడు వందల చిల్లర జట్లుంటే వాటిలో చాలావాటికి ఒక్కసారి కూడా ఆ గడప తొక్కే యోగం పట్టలేదు.

ఇక ఆట సంగతి. బేస్‌బాల్‌లో ఎంత గొప్ప జట్టైనా నాలుగింట ఒకటి ఓడిపోతుంది, అది మామూలే. మార్టిన్ సొంత లెక్కే చూడండి, నూటికి 73 గెలుపులు, చరిత్రలో అంతకు మించి గెలిచిన వాళ్లు అతి తక్కువ, అయినా నూటికి 27 పోయాయి. అలాంటి ఆటలో ఒమాహాలో పది పన్నెండు రోజుల్లో తేలే పోటీ పెడితే ఎవరు గెలుస్తారన్నది కొంత బలం, కొంత ఆ వారం ఎవరి చెయ్యి బాగుందన్నది. 1996 ఫైనల్ చూడండి, లూసియానా స్టేట్ యూనివర్సిటీకీ (ఎల్ఎస్‌యూ) మయామీకీ మధ్య. చివరి ఇన్నింగ్స్, ఎల్ఎస్‌యూ ఒక పరుగు వెనక, రెండు ఔట్లు అయిపోయాయి, మూడోది పడితే ఆట ముగిసినట్టే. చేతి ఎముకకి ఆపరేషన్ అయి సీజన్‌లో చాలా భాగం బయటే ఉన్న వారెన్ మోరిస్ బ్యాటింగ్‌కి వచ్చాడు. ఆ ఏడాది అప్పటిదాకా అతను ఒక్క హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కూడా కొట్టలేదు. మొదటి బంతికే కొట్టాడు, మయామీ చేతిలోంచి కప్పు పోయింది. అవతల డగౌట్‌లో నిలబడి చూసిన మయామీ కోచ్ పేరు జిమ్ మోరిస్. మూడేళ్లు తిరిగేసరికి, 1999లో, అదే జిమ్ మోరిస్ ఫైనల్ గెలిచాడు. 6-5తో. ఎవరి మీద అనుకుంటున్నారు? మన మైక్ మార్టిన్ మీదే. ఆ ఒక్క పరుగు అటూ ఇటూ అయి ఉంటే ఇవాళ మీ ఇంట్లో గొడవే లేదు.

1986లోనూ ఫైనల్ దాకా వెళ్లి అరిజోనా చేతిలో ఓడాడు. ఇంకోవైపు కోస్టల్ కరోలైనా అనే చిన్న కాలేజీ ఉంది. గ్యారీ గిల్మోర్ అనే కోచ్ 1996 నుంచి అక్కడ పనిచేసి, 2016లో మొట్టమొదటిసారి ఒమాహాకి వెళ్లి, వెళ్లిన మొదటిసారే కప్పు ఎత్తుకొచ్చాడు. పదిహేడుకి సున్నా, ఒకటికి ఒకటి. దీన్నిబట్టి గిల్మోర్ మార్టిన్ కంటే పెద్ద కోచ్ అంటే గిల్మోరే ఒప్పుకోడనుకుంటాను.

అలాగని టైటిల్ లేకపోవడం లెక్కలోకి రాదని కూడా అనను. వస్తుంది. ఆయన పేరు ఎక్కడ రాసినా ఆ సంగతి రెండో వాక్యంలోనో మూడో వాక్యంలోనో తగులుతుంది, నేనూ అలాగే రాశాను కదా. 2019 ఆయన ఆఖరి సీజన్ అని ముందే చెప్పేశారు. ఆ జట్టు ఏమంత గొప్పది కాదు, టోర్నమెంట్‌కి పిలుపొస్తుందా రాదా అని చివరి రోజు దాకా టెన్షన్. పిలుపొచ్చింది. జార్జియా వాళ్ల ఊళ్లో రీజినల్ గెలిచింది, ఎల్ఎస్‌యూ వాళ్ల ఊళ్లో సూపర్ రీజినల్ గెలిచింది. ఒమాహాలో మొదటి మ్యాచ్ అర్కాన్సా మీద 1-0తో గెలిచింది. కథగా రాస్తే ఇక్కడ కప్పు ఇచ్చేస్తాం. నిజంలో తర్వాతి రెండూ ఓడి ఇంటికొచ్చేశారు.

ప్రశ్న: కాలేజీ బేస్‌బాల్‌లో అందరికంటే ఎక్కువ గెలుపుల రికార్డు మార్టిన్‌కి ముందు ఎవరిది?

ఆగీ గరీడోది. కాల్ స్టేట్ ఫుల్లర్టన్‌తో 1979, 1984, 1995లో, టెక్సస్‌తో 2002, 2005లో, మొత్తం అయిదు టైటిళ్లు. ఫుల్లర్టన్ అంటే డబ్బూ హంగూ ఉన్న కాలేజీ కాదు, అక్కడ మూడు గెలవడమే నా దృష్టిలో ఆయన అసలు ఘనత. 2016లో టెక్సస్ 25 గెలిచి 32 ఓడింది, ఆయన దిగిపోయాడు. అప్పటికి లెక్క 1,975. రెండు వేలకి సరిగ్గా 25 తక్కువ. 2018 మార్చిలో చనిపోయాడు. రెండు నెలల తర్వాత, మే నెలలో, మార్టిన్ ఆయన్ని దాటాడు.

ఇద్దరికంటే ముందటి తరంలో రాడ్ డెడో అని ఇంకో మహానుభావుడు. యూఎస్‌సీలో (యూనివర్సిటీ ఆఫ్ సదర్న్ కాలిఫోర్నియా) 1942 నుంచి 1986 దాకా 45 సీజన్లు, 11 జాతీయ టైటిళ్లు, అందులో 1970 నుంచి 74 దాకా వరసగా అయిదు. ఈయనకి సొంతంగా లారీల రవాణా వ్యాపారం ఉండేది, అందుకని కోచ్‌గా ఏడాదికి ఒక్క డాలర్ జీతం తీసుకునేవాడు! 1948 ఫైనల్లో ఈయన జట్టు ఓడించిన యేల్ జట్టుకి కెప్టెన్ ఎవరో తెలుసా? తర్వాత అమెరికా అధ్యక్షుడైన జార్జ్ బుష్, పెద్దాయన. ఇంకోటి కూడా చెప్పాలి, 1973లో మినెసోటాతో మ్యాచ్. అవతల పిచ్చర్ (మన బౌలర్ లాంటివాడు) డేవ్ విన్‌ఫీల్డ్, చివరి ఇన్నింగ్స్ మొదలయ్యేసరికి స్కోరు 7-0. ఎవరైనా సామాను సర్దేసుకుంటారు. యూఎస్‌సీ ఆ ఒక్క ఇన్నింగ్స్‌లో ఎనిమిది పరుగులు చేసి 8-7తో గెలిచింది.

ప్రశ్న: కోచ్ కూడా ఆటగాళ్లలాగే జెర్సీ, టోపీ వేసుకుని కూర్చుంటాడెందుకు? వయసు మీద పడ్డవాళ్లకి అది అవసరమా?

నవ్వొచ్చింది గానీ మంచి ప్రశ్న. తొలిరోజుల్లో జట్టుని నడిపేవాడు చాలాసార్లు అందులో ఆటగాడే, అదే అలవాటైపోయింది. పైగా పిచ్చర్‌ని మార్చాలంటే కోచ్ మైదానం మధ్యకి నడిచి వెళ్లాలి. ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో కోనీ మ్యాక్ అనే పెద్దాయన మాత్రం 50 ఏళ్లు, 1950 దాకా, సూటూ బూటూ వేసుకునే ఫిలడెల్ఫియా జట్టుని నడిపాడు. మార్టిన్ జెర్సీ నంబరు 11. ఆ నంబరే ఆయనకి పేరైపోయింది, అభిమానులు ‘ఎలెవెన్’ అనే పిలిచేవాళ్లు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో చదువుకుంటూ, ఉద్యోగం వద్దు, కాలేజీ బేస్‌బాల్ కోచ్ అవుతానంటున్నాడు. ఈ పనికి జీతం ఎలా ఉంటుంది? జీవితంలో స్థిరపడతాడా?

అమ్మా, మీరు కంగారు పడతారని తెలిసినా ఉన్నదున్నట్టు చెప్తాను. పైన ఉన్నవాళ్లకి జీతాలు బాగా ఎక్కువే. పెద్ద కాన్ఫరెన్సుల్లో పేరున్న హెడ్ కోచ్‌లకి ఏడాదికి పది లక్షల డాలర్లు దాటినవి ఉన్నాయి. కానీ అక్కడికి వెళ్లే నిచ్చెనలో కింది మెట్లు చాలా ఏళ్లు విరిగిపోయే ఉన్నాయి. 2023 దాకా నిబంధన ఏమిటంటే ఒక హెడ్ కోచ్, జీతం ఉన్న ఇద్దరు అసిస్టెంట్లు, వీళ్లతోపాటు ఒక ‘వాలంటీర్ అసిస్టెంట్’. పేరు వినగానే ఎవరో సాయంత్రం పూట వచ్చి సాయం చేసి పోయేవాడనుకుంటాం. కాదు. పొద్దున్నుంచి రాత్రి దాకా బ్యాటింగ్ నేర్పడం, జట్టుతో పాటు ఊళ్లు తిరగడం, గ్రౌండ్ పని, అన్నీ చేసేవాడు. కాలేజీ మాత్రం జీతం ఇవ్వకూడదు. ఇవ్వకపోవడం కాదు, ఇవ్వకూడదని రూలు! వేసవిలో పిల్లల క్యాంపులు నడిపి, విడిగా పాఠాలు చెప్పి ఆ డబ్బుతో బతికేవాళ్లు. ఇవాళ పెద్ద పేరున్న కోచ్‌లు చాలామంది ఈ గడ్డు రోజులు దాటి వచ్చినవాళ్లే. 2023 జులైలో ఆ రూలు తీసేసి ఆ స్థానానికి కూడా జీతం ఇవ్వొచ్చన్నారు. కాబట్టి మీవాడి రోజులు కొంత నయం.

చిన్న కాలేజీలూ ఉన్నాయి. అక్కడ జీతాలు తక్కువ, కొన్నిచోట్ల గడ్డి కోయించడం దగ్గర్నుంచి వాన పడితే పిచ్ మీద టార్పాలిన్ లాగడం దాకా కోచ్ చూసుకోవాల్సిందే. కానీ దీర్ఘకాలం నిలబడాలంటే అవే మంచివేమో. ఇలినాయ్ వైపు గోర్డీ గిలెస్పీ అనే ఆయన ల్యూయిస్, సెయింట్ ఫ్రాన్సిస్, రిపన్ అనే మూడు చిన్న కాలేజీల్లో కలిపి 59 సీజన్లు కోచ్‌గా ఉండి 1,893 గెలిచాడు. ఐడహోలోని ల్యూయిస్-క్లార్క్ స్టేట్ అనే ఇంకో చిన్న కాలేజీకి ఎడ్ చెఫ్ 16 టైటిళ్లు తెచ్చిపెట్టాడు, చిన్న కాలేజీల పోటీల్లోనే అనుకోండి.

స్థిరపడతాడా అని అడిగారు. ఊరు విషయంలో మొదటి పదేళ్లు స్థిరపడడు. రెండు మూడేళ్లకోసారి పెట్టే బేడా సర్దుకోవడమే. ఈ సంగతి అబ్బాయికి తెలుసో లేదో ఒకసారి అడగండి. తెలిసీ అదే అంటుంటే ఇక ఆపకండి.

ప్రశ్న: ఇంత ఏళ్లు గెలుస్తూ ఉండాలంటే రహస్యం ఏంటి? మంచి ఆటగాళ్లు దొరకడమేనా?

దొరకడం కాదు, పట్టుకోవడం, ఆ తర్వాత పట్టు జారకుండా చూసుకోవడం. హైస్కూల్ పిల్లాడు నవంబరులో ‘మీ కాలేజీకే వస్తాను’ అని సంతకం పెడతాడు. తర్వాతి వేసవిలో ప్రొఫెషనల్ జట్ల డ్రాఫ్ట్, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకోవడం, ఉంటుంది. వాడు నిజంగా బాగా ఆడేవాడైతే ఏదో ఒక జట్టు లక్షల డాలర్లు చూపించి తీసుకుపోతుంది. కోచ్ రెండేళ్లు వెంటపడి పట్టుకున్నవాడు ఒక్క పూటలో మాయం. పోనీ కాలేజీకి వచ్చాడే అనుకోండి, మూడో ఏడాది అవగానే మళ్లీ డ్రాఫ్ట్. అంటే మరీ గొప్పవాడు రాడు, వచ్చిన గొప్పవాడు ఉండడు. ఈ రెండింటి మధ్య ఎవర్ని ఎంచుకోవాలో తెలియడమే ఈ వృత్తి.

దీనికి తోడు స్కాలర్‌షిప్పుల గోల. మొన్నమొన్నటిదాకా డివిజన్ వన్ బేస్‌బాల్ జట్టుకి ఉన్నవి 11.7 స్కాలర్‌షిప్పులు. అవును, పాయింట్ ఏడు! అదే పెద్ద కాలేజీల అమెరికన్ ఫుట్‌బాల్‌కి 85. చాలా ఏళ్లు ఆ 11.7ని 27 మందికి దాకా పంచేవాళ్లు, ఒక్కొక్కరికి కనీసం పావు వంతు ఇవ్వాల్సి వచ్చేది, జట్టులో 35 మంది ఉంటే మిగతా ఎనిమిది మందికి సున్నా. ఇంటికొచ్చి తల్లిదండ్రులతో ‘మీవాడు బంగారం, అందుకే ఫీజులో ముప్పై శాతం మేం కడతాం’ అని ఒప్పించాల్సి వచ్చేది. కోచింగ్ కంటే ఇదే కష్టమని నాకనిపిస్తుంది. 2025-26 నుంచి కొత్త పద్ధతి ఒప్పుకున్న కాలేజీలకి ఆ పరిమితి తీసేసి, జట్టులో 34 మందే ఉండాలన్నారు. డబ్బున్న కాలేజీకి పండగ. లేనివాటికి ఎప్పటిలాగే.

ఇంకోటి, ఉన్నవాడిలో లేనిదాన్ని చూడగలగడం. బస్టర్ పోజీ ఫ్లోరిడా స్టేట్‌కి షార్ట్‌స్టాప్‌గా వచ్చాడు. రెండో ఏడాది అతన్ని క్యాచర్‌గా మార్చారు. క్రికెట్ భాషలో చెప్పాలంటే పాయింట్‌లో ఫీల్డింగ్ చేసేవాణ్ని కీపింగ్ చెయ్యమన్నట్టు. 2008లో దేశంలోనే ఉత్తమ కాలేజీ ఆటగాడయ్యాడు, డ్రాఫ్ట్‌లో అయిదోవాడిగా వెళ్లాడు, శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ అనే ప్రొఫెషనల్ జట్టుకి మూడు వరల్డ్ సిరీస్‌లు గెలిపించిన క్యాచర్ అయ్యాడు.

ప్రశ్న: కోచ్‌లు గెలుపు కోసం కుర్రాళ్ల చేతులు అరగదీస్తారని విన్నాను. నిజమేనా?

నిజం ఉంది. 2009 మే 30న టెక్సస్, బోస్టన్ కాలేజీ మధ్య మ్యాచ్ 25 ఇన్నింగ్స్‌లు సాగింది, ఏడు గంటలకి పైగా. మామూలుగా తొమ్మిదితో అయిపోవాలి. టెక్సస్ పిచ్చర్ ఆస్టిన్ వుడ్ మధ్యలో వచ్చి 13 ఇన్నింగ్స్‌లు వేశాడు, 169 బంతులు. సాధారణంగా వంద దాటితేనే అందరూ కోచ్ వైపు చూడటం మొదలుపెడతారు. టెక్సస్ 3-2తో గెలిచింది, కోచ్ మన ఆగీ గరీడోనే. కుర్రాడు వీరుడన్నారు, కోచ్‌ని తిట్టినవాళ్లు తిట్టారు. ఆ రోజు వేసిన ప్రతి బంతీ అద్భుతమే, కానీ ఇరవై రెండేళ్లవాడు ‘నేను వేస్తాను సార్’ అనే అంటాడు, వద్దని చెప్పాల్సింది పెద్దవాడే. గరీడో అంటే నాకు ఎంత గౌరవం ఉన్నా ఇది మాత్రం నాకు మింగుడుపడదు.

ప్రశ్న: ఇప్పుడు కూడా ఎవరైనా ఒకే కాలేజీలో 40 ఏళ్లు ఉండగలరా?

నాకు నమ్మకం లేదు. 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు ఎక్కించుకునే జాబితా) వచ్చింది. 2021 నుంచి ఆటగాడు ఏడాది ఖాళీగా కూర్చోకుండానే వేరే కాలేజీకి మారి ఆడొచ్చు, అదే ఏడాది తన పేరు మీద డబ్బు సంపాదించుకోవడానికీ అనుమతి వచ్చింది. ఆటగాళ్లకి అది న్యాయమే, ఇన్నేళ్లూ అందరూ సంపాదించి వాళ్లకి మాత్రం ఇవ్వకపోవడమే తప్పు. కానీ నాలుగేళ్లు ఒక కుర్రాణ్ని పెంచి పెద్దచేసే పని ఇప్పుడు ప్రతి వేసవీ కొత్త సంత అయిపోయింది. కోచ్‌లు కూడా తక్కువ తినలేదు. 2024 జూన్‌లో టెక్సస్ ఏ అండ్ ఎమ్ ఫైనల్లో టెనస్సీ చేతిలో ఓడింది. దాని కోచ్ జిమ్ ష్లాస్‌నేగల్ ఆ మర్నాడే బద్ధశత్రువు టెక్సస్‌కి వెళ్లిపోయాడు. గెలిచిన టెనస్సీ కోచ్ టోనీ విటెల్లో 2025 అక్టోబరులో శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ మేనేజర్ (ప్రొఫెషనల్ జట్లలో హెడ్ కోచ్‌ని అలా అంటారు) అయ్యాడు. ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో ఆడిన అనుభవం గానీ కోచింగ్ అనుభవం గానీ లేకుండా కాలేజీ నుంచి నేరుగా అంత పైకి వెళ్లినవాడు అతనొక్కడే. అతన్ని తీసుకున్నది ఎవరంటే, పైన చెప్పిన బస్టర్ పోజీయే. ఇప్పుడు ఆ జట్టు వ్యవహారాలన్నీ చూసేది అతనే.

ప్రశ్న: మార్టిన్ తర్వాత ఆయన కొడుకే కోచ్ అయ్యాడట కదా. వారసత్వం కలిసొచ్చిందా?

రాలేదు. మైక్ మార్టిన్ జూనియర్ తండ్రి దగ్గరే రెండు దశాబ్దాలకి పైగా అసిస్టెంట్‌గా పనిచేశాడు, 2019లో హెడ్ కోచ్ అయ్యాడు. మొదటి సీజన్ కోవిడ్‌తో మధ్యలోనే ఆగిపోయింది. తర్వాతి రెండేళ్లూ జట్టుని జాతీయ టోర్నమెంట్‌కి తీసుకెళ్లాడు, అయినా 2022లో తప్పించారు. తండ్రికి 40 సీజన్లు, కొడుక్కి మూడు. అతని స్థానంలో వచ్చిన లింక్ జారెట్ కూడా పెద్దాయన దగ్గర ఆడిన కుర్రాడే. మొదటి ఏడాది 2023లో జట్టు అసలు టోర్నమెంట్‌కే వెళ్లలేకపోయింది. 2024 ఫిబ్రవరి 1న పెద్దాయన పోయారు. ఆయన పేరు పెట్టిన మైదానంలో ఆ సీజన్ మొదలైంది, జూన్ వచ్చేసరికి జట్టు మళ్లీ ఒమాహాలో ఉంది. మొదటి మ్యాచ్‌లో టెనస్సీ చేతిలో 12-11తో ఓడింది. తర్వాత రెండు గెలిచి నిలబడింది. చివరికి మళ్లీ టెనస్సీయే ఇంటికి పంపింది.